తండ్రి పట్టుదల మీద

బీరంగూడ,
18 ఆగస్టు 1996.

చిరంజీవి సౌభాగ్యవతి సంగమ్మకు నీ నాయిన సత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. అందరం అంటే నేను, గోడ మీద మీ అమ్మ ఫోటో, పొద్దున వార్తలు చెప్పి మూగబోయే రేడియో. ముగ్గురమూ క్షేమమే. అంత దూరాన అంకలేశ్వర్‌లో నువ్వు, అల్లుడు, నా మనవరాలు ముత్యాలు బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది వచ్చి పదహారు రోజులైంది. ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో కూర్చుని, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడికి సగం రోజు హాజరు కొట్టేసిన మనిషిని నేను. ఈ పదహారు రోజుల ఆలస్యానికి కారణం ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. తింటున్నాను. పొద్దున వండింది రాత్రికి కూడా వస్తుంది. ఒక్కడికి కొలత పెట్టడం ఇంకా చేతకాలేదు, చెయ్యి దానంతట అదే ఇద్దరికి పోస్తుంది. మోకాలు అట్లాగే ఉంది. కళ్ళద్దాలు మార్చాను. గాలి పాశమైలారం ఫ్యాక్టరీల దిక్కు నుంచి తిరిగిన రోజు కిటికీలు మూస్తాను. తిరగని రోజు కూడా తెరవడం లేదు, తెరిస్తే పలకరించేవాళ్ళు ఈ గల్లీలో మిగల్లేదు. చిట్కుల్ నుంచి మీ మేనమామ పెద్దరాములు నెలకోసారి వస్తాడు. నేను చదువుతున్న పుస్తకం ఏమిటని అడుగుతాడు, నేను చెప్పేలోపే తన బర్రె సంగతి ఎత్తుకుంటాడు. నీ విషయం చెబితే, "ఆపరేషన్ చేయించుకుంటే అయిపాయె గద బావా, గీ వయసుల నీకీ తిరుగుడేంది" అన్నాడు. అతనితో వాదించడం మానేసి ఇరవై ఏండ్లయింది. ఆ రోజు మళ్ళీ వాదించాను. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. అక్కడి డాక్టరు నీ కడుపు మీది కుట్టు చూసి, ఇంకో మాట లేకుండా ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చాడని, పాత ఆసుపత్రి కాగితం ఉంటే తప్ప మామూలు కాన్పు మాటే ఎత్తొద్దన్నాడని రాశావు. ఆ కాగితం ముక్కైనా మిగిలిందేమో మళ్ళీ వెతకమని అడిగావు. దాని సంగతి తర్వాత చెబుతాను. నీ ఉత్తరంలో ఒక చోట మాత్రం పదిసార్లు ఆగాను. "నాయినా, నొప్పుల గురించి అందరు చెప్తరు, నాకు సగమే ఎరుక. తెలివికొచ్చేసరికి బిడ్డను ఎవరో కడిగి సుట్టి పెట్టిన్రు. ఈసారి అందరికన్న ముందు నేనే సూడాలె" అని రాశావు. మొదటి కాన్పు తర్వాత కుట్టు చీము పట్టి నలభై రోజులు నువ్వు వంగి నడవడం నేను చూశాను. అల్లుడు షిఫ్టులో ఉంటే ఒక చేత్తో కడుపు అదుముకుని, ఇంకో చేత్తో నీళ్ళ బిందె ఈడ్చుకొచ్చావు. మీ అత్త వచ్చి చూసి "కోసిన కడుపు, ఇగ దేనికి పనికొస్తది" అన్నదట. ఆ మాట ఆమె నీతో అనవలసింది కాదు. ఎవరితో అనవలసిందో కూడా చివర రాస్తాను.

నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి మూడు రోజులు వెళ్ళి వైద్య గ్రంథాలు తిరగేశాను. అర్థం కానిది ఎక్కువ, అయినంతవరకు నోటుపుస్తకంలో ఎక్కించాను. కోత కింది భాగంలో అడ్డంగా పడి ఉంటే, మొదటిసారి కోయడానికి కారణం మళ్ళీ వచ్చేది కాకపోతే, చాలామంది రెండోసారి మామూలుగానే కనవచ్చు. కానీ కొద్దిమందికి నొప్పుల మీద పాత కుట్టు విడిపోతుంది. అప్పుడు నిమిషాల్లో కోయకపోతే తల్లికీ బిడ్డకూ ముప్పే. అందుకని కావలసింది మంచి మాటలు చెప్పే డాక్టరు కాదు. ఓపికగా ఆగగలగాలి, కోయవలసి వస్తే ఆ క్షణమే కోయగలగాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదు.

మొదట సంగారెడ్డిలో పేరున్న ఆయన దగ్గరికి వెళ్ళాను. పెద్ద గది, చల్లని గాలి, గోడ నిండా పతకాలు. నా మాట సగంలో ఉండగానే డైరీ తెరిచి, "ఒకసారి కోస్తే మళ్ళీ కోయాల్సిందే. నవంబర్‌లో ఏ వారం కావాలి?" అన్నాడు. నేను చదివింది చెప్పబోతే, పుస్తకాలు చదివే ముసలివాళ్ళంటే తనకు భయమని నవ్వాడు. నా ముప్పై ఏండ్ల ఉద్యోగంలో అట్లా నవ్విన ఆఫీసర్లను చాలామందిని చూశాను. వాళ్ళెవరూ ఇప్పుడు నాకు గుర్తు లేరు, ఇతను కూడా ఉండడు.

తర్వాత హైవే పక్కన కొత్తగా లేచిన ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి ఆమె ఎదురుచెప్పలేదు. "తీసుకురండి, మా దగ్గర అన్నీ నార్మలే" అంది. కోత ఎట్లా పడిందని అడగలేదు, మొదటిసారి ఎందుకు కోశారని అడగలేదు. రాత్రిపూట మత్తు డాక్టరు ఎవరని నేను అడిగితే, అవసరం పడదంది. నేను లేచి వచ్చేశాను. కాదన్నవాడి కంటే అన్నిటికీ అవునన్న ఆమెను చూసి నాకు ఎక్కువ భయం వేసింది.

ఇక మిగిలింది పటాన్‌చెరులో అన్నపూర్ణ డాక్టరమ్మ. ముత్యాలు పుట్టింది ఆమె చేతిలోనే. ఆమె గురించి నేను నీకు ఏమేం చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. డబ్బు కోసం కోసిందని చెప్పాను. నీకే కాదు, టైమ్ ఆఫీసు దగ్గర లైన్లో నిలబడ్డ ప్రతి మనిషికీ చెప్పాను. నా మాట విని కోడళ్ళను వేరే చోటికి తీసుకుపోయినవాళ్ళు ఉన్నారు. ఆమె ఆసుపత్రి ముందు నుంచి నడవకుండా నాలుగేండ్లుగా సందుల్లోంచి చుట్టు తిరిగి బస్టాండుకు పోతున్నాను.

మొన్న గురువారం ఆ మెట్లు ఎక్కాను. నీకు స్నానం చేయించిన ఆయా ఆలంబీ గుమ్మంలోనే కూర్చుని ఉంది. చూసి లేవలేదు. "ఏం సత్తయ్య సాబ్, నాలుగేండ్ల సంది సందులల్ల తిరిగి తిరిగి చెప్పులరిగినయా? ఇయ్యాల సీదా తొవ్వ దొరికిందా?" అంది. "బిడ్డ మంచిగుందా" అంది మళ్ళీ తనే. కడుపుతో ఉన్నావని చెప్పాను. అప్పుడు లేచి, కొంగుతో బెంచీ తుడిచి, "కూసో, అమ్మకు చెప్తా" అని లోపలికి పోయింది.

డాక్టరమ్మ జుట్టు నెరిసింది. నన్ను కూర్చోమంది. నేను జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అవును బిడ్డా, ఆ కాగితమే. కప్పు కారి వానకు తడిసి పోయిందని నీకు రాసిన కాగితం. అది తడవలేదు. మీ అమ్మ ట్రంకు పెట్టెలో, ఆమె చీరల కింద, నాలుగు మడతలు పెట్టి నేనే దాచాను.

ఆమె దాన్ని విప్పింది, చదవలేదు. రాసింది ఆమే. కోత కిందనే, అడ్డంగానే పడిందని, నీ ఎముకల కట్టులో లోపం లేదని, నాలుగేండ్ల ఎడం మంచిదేనని చెప్పింది. నేను అడగకుండానే ఇంకో మాట కూడా చెప్పింది.

"ఇట్లాంటి పందొమ్మిది మందికి నేను ప్రయత్నించాను. పదమూడు మంది మామూలుగా కన్నారు. ఆరుగురికి మళ్ళీ కోశాను. ఆ ఆరుగురిలో ఒకామెకు కుట్టు విడిపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఈ మాట వినకుండా ఎవరూ నా దగ్గర చేరరు."

ఆ ఒక్క బిడ్డ సంగతి చెప్పినందుకే నేను ఆమెను నమ్మాను. నా ఓటమి గురించి నేను ఎవరికీ అట్లా చెప్పుకోలేదు. ఎనిమిదో నెల నుంచి నువ్వు ఇక్కడే, ఆసుపత్రికి దగ్గరలో ఉండాలట. రక్తం ముందే సిద్ధం చేసుకోవాలి. నొప్పులు మొదలైనప్పటి నుంచి మత్తు డాక్టరు ఊళ్ళోనే ఉండేట్టు ఆమె చూసుకుంటుంది. ప్రయత్నం చేస్తానంది, మాట మాత్రం ఇవ్వనంది.

నేను దండం పెట్టి లేచాను. "కూర్చోండి" అంది. "మీ అమ్మాయికి చెప్పారా?"

నేను కూర్చుని, తల అడ్డంగా ఊపాను.

"నొప్పుల మీద ఉన్నప్పుడు ఆగమంటే ఆగాలి, కోస్తానంటే ఒప్పుకోవాలి. నన్ను నమ్మితేనే అది సాగుతుంది. నమ్మొద్దని నాలుగేళ్ళుగా మీరే చెప్పారు. ఈ కాగితం ఆమె చదవాలి. చదివి, తన అంతట తాను వస్తే చేర్చుకుంటాను. మీరు తీసుకొస్తే చేర్చుకోను."

బిడ్డా, ఇప్పుడు రాస్తాను. పదహారు రోజులు ఇందుకే పట్టింది.

నీ కంటే ముందు మాకు ఒక కొడుకు పుట్టాడని నీకు తెలుసు. చిట్కుల్‌లో, అమావాస్య నాడు పుట్టాడు. బతికింది వారం రోజులు. బొడ్డు కోసిన కొడవలి వల్ల ధనుర్వాతం వచ్చింది. మీ అమ్మ మాత్రం అమావాస్య మింగిందనేది. నేను పుస్తకాలు తెచ్చి చదివి వినిపించాను. సంఘాల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, ఇంట్లో ఊరుకుంటానా? ఇరవై ఏండ్లు చెప్పాను. నేను చెప్పింది నిజమే. ఆ నిజం ఆమెకు ఒక్క రోజు కూడా పనికిరాలేదు. ఆమె పోయిన ఏడాదికి నీకు నొప్పులు వచ్చాయి. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. కాన్పు గది బయట నేనొక్కణ్ణే. ఎదురుగా గోడకు క్యాలెండరు, చేతికి గడియారం. అమావాస్య ఘడియలు సాయంత్రం నాలుగూ నలభైకి మొదలవుతాయని రాసి ఉంది.

మధ్యాహ్నం రెండింటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, అంతా బాగుంది, రాత్రి దాకా పట్టవచ్చు, ఆగుదాం అంది. నేను కోసెయ్యమన్నాను. కారణం లేదంది. నాకు సిగ్గు వేసి కారణం చెప్పలేదు. అరిచాను. బిడ్డకు ఏమైనా అయితే యూనియన్ మనుషులను తెచ్చి ఆసుపత్రి ముందు కూర్చోబెడతానన్నాను. రెండుసార్లు కాదంది, మూడోసారి లొంగింది. లొంగడం తన తప్పని మొన్న ఆమే ఒప్పుకుంది. ఆమె ఒప్పుకున్నాక నాకు తల ఎత్తడం ఇంకా కష్టమైంది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని డాక్టరమ్మ అన్నదని, కాన్పు గది గుమ్మంలోకి వచ్చి నీకు చెప్పింది నేను. ఆమె అట్లా అనలేదు. నువ్వు రెండు చేతులూ జోడించి, "జల్దీ చెయ్యమను నాయినా" అన్నావు. నాలుగూ పన్నెండుకు ముత్యాలు పుట్టింది. నేను గడియారం చూసుకున్నాను.

కాగితం చివర ఆమె ఇంగ్లీషులో రాసిన వాక్యానికి తెలుగు ఇది: "తల్లికి గానీ బిడ్డకు గానీ ప్రమాదం లేదు. తండ్రి పట్టుదల మీద ఆపరేషన్ చేయడమైనది." కింద సంతకం నాది. మీ అత్త ఆ మాట అనవలసింది నన్ను.

అమావాస్య మీద నాకు నమ్మకం లేదు సంగమ్మా. ఉన్నది భయం. అది మీ అమ్మది, పోతూ నాకు వదిలిపోయింది. బతికి ఉండగా ఆమె పక్కన కూర్చుని ఆ భయాన్ని ఒక్కసారైనా పంచుకుని ఉంటే, నీ మీదికి రాకపోయేదేమో. నేను వాదించి గెలిచాను.

కాగితం ఇందులోనే పెడుతున్నాను. చదువు, అల్లుడి చేత కూడా చదివించు. అక్కడ నమ్మకమైన డాక్టరు దొరికితే అక్కడే చూపించు, నాకేమీ అనిపించదు. ఇక్కడికే రావాలనుకుంటే డాక్టరమ్మకు నువ్వే ఒక ముక్క రాయి. నా ముఖం చూడబుద్ధి కాకపోతే ఆసుపత్రి వెనుక ఆలంబీ ఇంట్లో ముందు గది ఖాళీగా ఉంది. అడిగి ఉంచాను. "నీ బిడ్డ కాదు, నా బిడ్డనుకో" అంది.

ఈసారి ఏ కాగితం మీదనైనా నీ సంతకమే కావాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంకెవరిదీ చెల్లదంది.

అబద్ధం ఎందుకు, క్యాలెండరు చూశాను. నువ్వు రాసిన వారంలోనే దీపావళి అమావాస్య ఉంది. నాకు భయం వేస్తుంది. వేయనీ. నువ్వు రానిస్తే బయట బెంచీ మీద కూర్చుంటాను, రాత్రి అయినా తెల్లవారినా నోరు తెరవను. గడియారం ఇంట్లో పెట్టి వస్తాను.

ఇట్లు,
నీ జవాబుకు ఎదురుచూస్తున్న నాయిన,
సత్తయ్య