కొండకు లిఫ్టు లేదు

అన్నయ్యకు,

పక్క గదిలో కాపురముంటున్న నీ తమ్ముడు సవినయంగా విన్నవించుకొనునది. డాక్టరుగారు నీ గుండెకు పరుగు నిషేధించిన రోజునుంచి నువ్వు గది గడియ తీయడం లేదు. నీ బదులు నేను నువ్వు పేరిచ్చిన కొండపరుగు పందెం పూర్తిచేస్తే బయటికొస్తావనుకున్నాను. నా బుర్రకు తోచిన ఏకైక ఉపాయం అదే. ఇవాళ పూర్తిచేశాను.

సాధనంతా మన అపార్టుమెంటు మెట్ల మీదే చేశాను. ఎక్కడం కాళ్లతో, దిగడం లిఫ్టులో. ఆ తెలివితేటల ఫలితం శిఖరం మీద తెలిసింది. పీతలా పక్కకు నడుచుకుంటూ దిగాను. దారి గుర్తుల రిబ్బన్లు విప్పుకుంటూ వెనకే వస్తున్న పెద్దాయన, "నాయనా, నీ వెనక ఇక నేనొక్కణ్ణే. మళ్లీ కూర్చున్నావంటే నీకూ ఓ రిబ్బను కట్టి పోతా" అన్నాడు.

అందరికన్నా ఆఖరున చేరి, విజయగర్వంతో ఇంటికొచ్చాను. "వాడి పొద్దుటి కంచం అలాగే ఉందిరా" అంది అమ్మ. నువ్వు ఫ్యాను ఎంత జోరుగా పెట్టుకున్నా నీ ఏడుపు మాకు వినిపిస్తూనే ఉంది. నా దగ్గర వేరే ఉపాయం లేదు. జోకులు కూడా అయిపోయాయి.

నాకిచ్చిన పతకం తలుపు కింద దూరడం లేదు. ఈ కాగితం ఒక్కటే దూరుతుంది. నీ గుమ్మం దగ్గరే చతికిలబడ్డాను. మోకాళ్లు లేవనివ్వడం లేదు. అమ్మ వల్ల కాదు, నువ్వే వచ్చి లేపాలి.

నీ తమ్ముడు