హక్కి దిగినంత మాత్రాన

దేశనూరు, మంగళవారం రాత్రి

పోయిన చలికాలం, నా భార్య సుజాత చివరి రోజు మామూలుగానే గడిచింది. తెల్లవారుతుండగా వలస బాతులు మా వరి మడిలో దిగుతుంటే, మంచం కిటికీ దగ్గరికి జరపమంది. మధ్యాహ్నం రెండు ముద్దలు తింది. చీకటి పడ్డాక పోయింది.

ఈ చలికాలం బాతులు మళ్లీ వచ్చాయి. సాయంత్రం పొలానికి వెళ్తే, పక్క మడి నాగప్ప మా గట్టు మీదే గుంజలు పాతి వల కట్టి ఉన్నాడు. రెండు బాతులు అందులో చచ్చి వేలాడుతున్నాయి.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"ఈ హక్కిలు, ఈ పిట్టలు, ఏమన్నా నువ్వు సాకిన కోళ్లా సార్? ఢాబావాళ్లు అడుగుతాండారు. నా మడిలో దిగితే నా హక్కు."

"హక్కి దిగినంత మాత్రాన హక్కు దిగదప్పా."

పక్కనే ఉన్న అతని కూలీలే నవ్వారు. నాగప్ప ముఖం మాడింది.

"ఇంట్లో మనిషి పోయినాక నీకు పిట్టల పిచ్చి పట్టింది సార్. ఒంటోనివి, ఎన్నాళ్లు కాస్తావు?"

ఇంటికి వచ్చేశాను. పిచ్చేనేమో. సుజాత ఉండుంటే ఇంత పట్టించుకునేవాణ్ణా...

ఏదైనా కానీ, గట్టు నాది. రేపు బాతులు దిగకముందే వల కోసి, చచ్చినవాటితో సహా ఫారెస్టు ఆఫీసుకు తీసుకెళ్తాను. ఫిర్యాదులో నాగప్ప పేరు రాస్తాను. కింద నా పేరు కూడా.