మూటల స్వామి ఆఖరి మాట

ఫిబ్రవరి 18, మంగళవారం

చిరంజీవి ప్రెస్సు నాయనకి, నీ భార్యకి, మీ అన్నయ్యకి నా దీవెనలు.

నేనిక్కడ క్షేమం అని రాయబోయాను గాని నా మోకాళ్లు ఒప్పుకోలేదు. మా చెల్లెలి ఇంట్లో మేడ మీద గది నాది. కింద కుట్టుమిషన్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకమంటూనే ఉంటాయి. మొదట్లో తల పగిలిపోయేది. ఇప్పుడు అవి ఆగిన ఆదివారమే నాకు తోచదు.

నువ్వు పంపిన ప్రూఫులు అందాయి. "స్వామివారి దివ్యచరిత్ర" అని పెద్ద అక్షరాలతో అట్ట కూడా వేయించేశావు. తప్పులుంటే దిద్దమనీ, ఆఖరి నాలుగు నెలల మౌనదీక్ష గురించి నాకు తెలిసింది రాసి పంపమనీ అడిగావు. దిద్దుదామనే కూర్చున్నాను. మొదటి పేజీకే అంచుల్లో చోటు అయిపోయింది. అందుకని ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు. చదివాక పుస్తకంలో వేస్తావో పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం.

ఆయన పుట్టుకతోనే విరాగి అని రాశావు. ఎవరు చెప్పారు నాయనా నీకు? పెళ్లినాటికి ఆయన గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే మనిషి. వైరాగ్యం మాట దేవుడెరుగు, రాత్రి కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేసేవారు. మెడ వెనక అరచేతి మందాన కాయ కాసి ఎద్దు మూపురంలా ఉండేది. "నాకు తలగడ ఎందుకే, దేవుడు కుట్టించే పంపాడు" అనేవారు. ఆయన నలుగురిలో కూర్చున్నారంటే ఆ నలుగురికీ నవ్వి నవ్వి పొట్ట నొప్పి పట్టేది.

ముప్ఫై మూడో ఏట ఒక పొద్దున షెడ్డులో బస్తాల వరస జారి ఆయన మీద పడింది. మధ్యలో ఎక్కడో జానెడు సందు దొరికి ఊపిరాడింది. అన్నీ తీసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. తోటి హమాలీలు శవాన్ని తీస్తున్నామనుకునే తీశారట. చివరి బస్తా ఎత్తేసరికి ఆయన కళ్లు తెరిచి, నవ్వుతూ ఉన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తలకి దెబ్బ తగిలి మతి చలించిందని నేను గోడకి చేరబడి ఏడుస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున పిలిచారు. అప్పుడు ఆయన చెప్పింది నీ పుస్తకంలో లేదు. అప్పటికి ఆయన మాటలు రాసుకునేవాళ్లు ఎవరూ పుట్టలేదు మరి.

"మొదట భయమేసిందే. ఎంతసేపని భయపడతాం? కాసేపటికి ఆ భయపడేవాడు కూడా అలిసిపోయాడు. వాడు పడుకున్నాక కూడా లోపల ఏదో మేలుకునే ఉంది. చూశాను దాన్ని. అది నేనే. దేవుడన్నా అదే. అన్ని బస్తాల కింద దానికి బరువన్నదే తెలీలేదు" అన్నారు.

"బాగానే ఉంది గాని, ముందు ఈ జావ తాగండి" అన్నాను నేను. అదీ, నీ గురుపత్ని మొట్టమొదటి ఉపదేశం విన్న తీరు.

తిరిగి పనిలోకి వెళ్లారు. మధ్యాహ్నం తిండి దగ్గర తోటివాళ్లు ఆయన చుట్టూ చేరడం మొదలుపెట్టారు. ఒకడు అప్పుల గోల, ఒకడు ఆలుమగల గొడవ, ఒకడు చచ్చిపోయిన కొడుకు. ఆయన అంతా విని, "దించు" అనేవారు. షెడ్డులో బస్తా చేర్చే చోట మేస్త్రీ అరిచే మాట అది. "మోసేవాడు దించడం మర్చిపోతే బస్తా మెడకి మొలిచిందనుకుంటాడ్రా. దేవుణ్ణి ఎక్కణ్ణించో తెచ్చుకోనక్కర్లేదు. చేతులు ఖాళీ చేసుకో, ఉన్నవాడే కనిపిస్తాడు" అనేవారు. వేళాకోళానికి వాళ్లే పెట్టారు మూటల స్వామి అని. వేళాకోళం వెళ్లిపోయింది, పేరు ఉండిపోయింది. రెండేళ్లకి ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేకుండా పోయింది.

దించు అన్న ఆ మాట ఉత్తదని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నువ్వు మొదటిసారి వచ్చిన రోజు నాకు కళ్లకి కట్టినట్టుంది. నువ్వు స్విచ్చి వేసిన ప్రెస్సు మిషన్లోనే మీ అన్నయ్య చెయ్యి పోయి అప్పటికి ఏడాది. నువ్వు సగం మనిషివి అయిపోయావు. ఆయన నీ వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు మోస్తే వాడికి చెయ్యి మొలుస్తుందా నాయనా? దించు. దించి, ఆ ఖాళీ అయిన చేతుల్తో వాడికి అన్నం కలిపి పెట్టు" అన్నారు. నువ్వు మా వాకిట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చావు. ఆ మర్నాటి నుంచి మీ అన్నయ్యకి నువ్వే కలిపి పెడుతున్నావని విన్నాను. అలా నిలబడ్డవాళ్లు వందల మంది. అది అబద్ధం కాదు.

ఇక రెండో అధ్యాయం. "స్వామివారి కుమార్తె ఎనిమిదో ఏట తండ్రి పాదాల చెంత ఐక్యమైంది" అని ఒక్క వాక్యం రాశావు. ఆ వాక్యం కొట్టేశాను. కాగితం చిరిగేలా కొట్టేశాను, ఏమీ అనుకోకు.

మా పిల్లని పిచ్చుక అని పిలిచేవాళ్లం. ఒకచోట కుదురుగా నిలబడేది కాదు. ఐదు రోజులు జ్వరం. మందు పడుతోంది, జ్వరం దిగడం లేదు. ఐదో రోజు మిట్టమధ్యాహ్నం పిల్ల కళ్లు తేలేసింది. ఆసుపత్రి రెండు మైళ్లు. బండి ఏదీ దొరకలేదు. ఆయన లోపలి గదిలో కళ్లు మూసుకుని కూర్చున్నారు, బయట నలభై మంది. నేను వాళ్లని తోసుకుంటూ వెళ్లి, ఆయన భుజం పట్టి కుదిపాను. "లేవండి, పిల్లని ఎత్తుకోండి, నా వల్ల కాదు" అన్నాను. క్వింటా బస్తా మోసిన భుజం అది, పిల్ల అందులో నాలుగో వంతు కూడా లేదు. ఆయన కళ్లు తెరిచారు. ఎక్కడో చాలా దూరం నుంచి చూసినట్టు నన్ను చూశారు. "దించు" అన్నారు. మళ్లీ కళ్లు మూసుకున్నారు.

బయట ఎవరో "ఆహా" అన్నారు.

నేనే ఎత్తుకున్నాను. ఎండలో, కాళ్లకి చెప్పుల్లేవు. దారిలో మూడుసార్లు కూలబడ్డాను. ఆసుపత్రి వరండాలో బల్ల మీద మా వంతు కోసం కూర్చుని ఉండగానే నా ఒళ్లో పిల్ల చల్లబడింది. పాదాల చెంత కాదు నాయనా. బల్ల మీద, పక్కన చెయ్యి విరిగిన ముసలాయన కూర్చుని ఉండగా.

సాయంత్రానికి ఆయన వచ్చారు. నేల మీద కూర్చుని, పిల్ల పాదాలకున్న దుమ్ము పైపంచెతో తుడిచారు. ఏడవలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో ఒకే ఒక్కసారి ఆ సంగతి ఎత్తారు. "ఆ రోజు నేను లోపల చూసింది నిజమే. నువ్వు బయట నిలబడి అరిచిందీ నిజమే. మధ్యలో ఉన్న గడప దాటడం నాకు రాలేదే" అన్నారు. వంట చేశాను, బట్టలుతికాను, వచ్చినవాళ్లకి నీళ్లిచ్చాను. ఇంట్లో నాతో మాత్రం ఆయన దించు అన్న మాట మళ్లీ అనలేదు.

ఇప్పుడు మౌనదీక్ష. అది దీక్ష కాదు. స్నానానికి లేచి గుమ్మంలో పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట పోయింది. డాక్టరమ్మ చూసి, "మెదడులో నరం చిట్లిందమ్మా. ఎక్కువగా వాడిన మాట ఒక్కోసారి ఒక్కటే మిగులుతుంది. దాంతోనే అన్నీ అడుగుతారు, మీరే అర్థం చేసుకోవాలి" అంది. ఆయనకి మిగిలింది ఏ మాటో వేరే చెప్పనక్కర్లేదు.

అరగంటకి మించి కూర్చోబెట్టవద్దని కూడా చెప్పింది. కానీ మా ఇల్లు ఎప్పుడో ఆశ్రమం అయిపోయింది, దాని కొత్త హాలు అప్పుడే పూర్తయింది. ఊళ్ల నుంచి జనం దిగుతున్నారు. ఆశ్రమం కార్యదర్శి గారు నా దగ్గరికి వచ్చి, "రోగమని బయటికి పొక్కితే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టేనమ్మా. మౌనదీక్ష అందాం" అన్నారు. మనిషి ఎత్తు పీఠం, దానికి ఏడు మెట్లు. నడుముకి గుడ్డ చుట్టి వీపు వెనక పలకకి బిగించి కట్టేవారు. పైన శాలువా కప్పితే కట్టు కనిపించదు. పొద్దున్నే ఎక్కిస్తే మధ్యాహ్నం దాకా దర్శనం. స్వామివారి సేవ శిష్యుల హక్కు అని ఆయన్ని తుడవడం, బట్ట మార్చడం కూడా నాకు లేకుండా ఇద్దరిని పెట్టారు.

ఆయన పైనుంచి "దించు" అనేవారు. కింద వెయ్యి మంది కళ్లు తుడుచుకునేవారు. ఒక్క గురువారం నలభై ఏడుసార్లు ఉపదేశం అనుగ్రహించారని నువ్వు లెక్కపెట్టి మరీ రాశావు. నాయనా, ఆయనకి కిందికి దిగాలని ఉంది. ఇంకేమీ లేదు. నలభై ఏడుసార్లు ఆయన అడిగింది అదే.

నాకూ చాలా రోజులు ఆ సంగతి తట్టలేదు. రోజూ ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చునేదాన్ని. మూడో నెల దాటాక ఒక పొద్దున సేవ చేసే ఇద్దరూ ఇంకా రాక నేనే ఒళ్లు తుడవడానికి వెళ్లాను. చొక్కా తీస్తే వీపు కింద, నడుము దగ్గర పుండ్లు. ఒకదాంట్లో నా బొటనవేలు పడుతుంది. ఆయన నా మొహంలోకి చూసి ఆ మాటే అన్నారు.

నేను తేరుకునే లోపే వాళ్లిద్దరూ వచ్చి ఎప్పటిలాగే ఎక్కించేశారు. దర్శనం నడుస్తుండగా నేను లేచాను. "అమ్మా, అమ్మా, ఏం చేస్తున్నారు" అంటూ కార్యదర్శి గారు మెట్లకి అడ్డం నిలబడ్డారు. "పక్కకి జరగండి, నా మొగుణ్ణి దించుకుంటాను" అన్నాను. జనం గోల. ఎవరో నన్ను పిచ్చిది అన్నారు. వంటింట్లోంచి వంటామె పరిగెత్తుకొచ్చింది, ఆవిడొక్కతే నాకు చెయ్యి కలిపింది. ముడి రాలేదు, కూరలు తరిగే కత్తితో కోసింది. ఆయన నా భుజం మీద వాలారు. ఎంత తేలికైపోయారో. ఆ ఏడు మెట్లూ మేమిద్దరం ఆడవాళ్లమే దింపాం.

వెనక గదిలో పదకొండు రోజులు ఉన్నారు. ఆ పదకొండు రోజుల్లో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఇంక అడగడానికి ఏమీ లేదు గనక ఉన్న ఒక్క మాటా వదిలేశారు. కళ్లు తెరిచినంతసేపూ నన్నే చూసేవారు. పన్నెండో రోజు మధ్యాహ్నం జావ పడుతుంటే రెండో చెంచా లోపలికి వెళ్లలేదు. చివరి ఉపదేశం ఇస్తూ సమాధిలోకి వెళ్లారని నువ్వు రాసింది తప్పు. పుండ్లు చీము పట్టి, ఆ జ్వరంతో పోయారు. డాక్టరమ్మ కాగితం మీద అదే రాసింది.

నాకు తెలిసింది ఇంతే. ఆయన చూసినది నిజం, చెప్పినది నిజం. మాట నిజమైనది కదా అని మనిషి గొంతు వినకపోతే ఏమవుతుందో అదీ రాయి. ధైర్యం లేకపోతే పుస్తకం ఆపెయ్. నీ మీద నాకు కోపం లేదు. మీ అన్నయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ

తా.క. ఇక్కడితో మడిచి మా చెల్లెలికి చదవడానికిచ్చాను. చదివి, "ఉన్నదున్నట్టు రాశావక్కా" అంది. ఆ మెప్పు నా గొంతు దిగలేదు. అందుకే మళ్లీ కలం పట్టాను.

మూడో నెల దాకా నాకు తట్టలేదని రాశాను. అది అబద్ధం. దర్శనం మొదలైన మొదటి గురువారమే తెలిసింది. నలభై ఏళ్లకి పైగా కాపురం చేసినదాన్ని, ఆయన గొంతులో నొప్పి నాకు తెలియదా? వెయ్యి మందిలో నన్ను వెతికి, నా కళ్లలోకే చూసి అడిగారు. దర్శనం అయ్యాక కార్యదర్శి గారే నా దగ్గరికి వచ్చి, "అమ్మా, దింపమంటున్నారేమోనని అనుమానంగా ఉంది. రేపటి నుంచి ఆపేద్దామా?" అని అడిగారు. "ఎప్పుడూ చెప్పే మాటే కదండీ. ఉపదేశం. కూర్చోనివ్వండి" అన్నాను. ఉపదేశం అన్న మాట ముందు అన్నది నేనే.

ఆ రోజు పిల్లని ఎత్తుకోమంటే నాకు ఆయన దగ్గర దొరికింది దించు అన్న మాటే. ఒక్కరోజు ఆయన్నీ నాలాగే అడగనిద్దాం అనుకున్నాను. మర్నాడు ఇంకొక్కరోజు అనుకున్నాను. అలా తొంభై మూడు రోజులు ముందు వరసలో కూర్చుని చూశాను. పుండ్లు పడతాయని మాత్రం తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్నో, అదీ తెలియదు.

కార్యదర్శి గారి మీద పైన రాసింది సగం కొట్టెయ్. దాని పక్కన నన్ను వెయ్యి.

ఆ పదకొండు రోజులూ నన్నే చూశారు. మొదటి రోజే నాకు తెలుసని చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. చెప్పలేదు. పొద్దునా సాయంత్రం వీపుకి మందు రాశాను, పక్కకి తిప్పి పడుకోబెట్టాను. అంతే చేశాను.