సొరుగు అడుగు చెక్క

ఒరేయ్ తమ్ముడూ, లేచాక వంటింటి సొరుగు ముట్టుకోకు. పొద్దున నేను లాగితే చెంచాలూ కత్తులూ అన్నీ నా కాళ్ల మీద పడ్డాయి. అడుగు చెక్క పీకేసి, దాని బదులు అట్టముక్క దూర్చింది నువ్వేగా? బొమ్మలు కోసుకోవడానికి పల్చటి చెక్క కావాలంటే బజారుకెళ్లి తెచ్చుకో. నీ సరదాకి ఇల్లంతా కోసి పారేస్తావా? నీ రంపం మిషను బ్లేడ్లన్నీ నా సంచిలో వేసుకుని ఆఫీసుకి పోతున్నా. సాయంత్రం నేనొచ్చేసరికి ఆ సొరుగుకి అడుగైనా ఉండాలి, నువ్వు గుమ్మం బయటైనా ఉండాలి.

అక్క

బ్లేడ్ల కోసం వెళితే ఆ చెక్క మీద సగం కోసిన నా మొహం కనబడింది. నా ముక్కు అంత పొడుగేం కాదు, తగ్గించు. మిషనుకున్న బ్లేడు మాత్రం తియ్యలేదు.