అమ్మ డొక్కలో నొప్పి

గుణదల,
ఆదివారం.

గంగాప్రసాద్ అన్నయ్యకి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. అందరం క్షేమం అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. అమ్మ నా గదిలో కునుకు తీస్తోంది. నీకు చదవడం కష్టం కాకుండా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నువ్వు పారదీప్‌లో ఒడ్డెక్కగానే, ఫోన్ ముట్టుకోకముందే ఇది నీ చేతికివ్వమని అక్కడ చేపల షెడ్డులో పనిచేసే చక్రికి చెప్పాను.

వేటకి వెళ్లేముందు ఫోన్లో ఇంటి రేకులు కారుతున్నాయా అని అడిగావు. వంటింటి వైపు ఒకచోట కారుతుంటే పట్టా కప్పించాను. అమ్మకి డొక్కలో నొప్పి తగ్గిందా అనీ అడిగావు. తగ్గలేదన్నయ్యా. అందుకే నాగాయలంక నుంచి ఇక్కడికి తీసుకొచ్చాను.

కుడి పక్కటెముకల కింద పట్టేసి వీపులోకి పాకుతుంది. తగ్గిందనుకుంటే మళ్లీ వస్తుంది. చేపల తట్ట మోసిన పట్టేలే అంటుంది అమ్మ. మందుల షాపాయన గ్యాస్ అన్నాడు, సంపూర్ణమ్మత్త దిష్టి అంది. డాక్టరమ్మ దిష్టి తప్ప దేన్నీ కొట్టిపారేయలేదు. కండరం పట్టినా, కడుపులో పుండున్నా, కిడ్నీలో రాయున్నా, కాలేయం వాచినా నొప్పి అక్కడ రావచ్చట. ఎప్పుడొస్తుందని అడిగితే తిన్నాక అంది అమ్మ. ఎప్పుడు తింటావని అడిగారు. మన ఆడవాళ్ల సంగతి నీకు తెలుసుగా, ముందే తింటే బేరం చెడుతుందని తట్ట ఖాళీ అయ్యేదాకా ముద్ద ముట్టరు. అమ్మ అదే చెప్తే ఆవిడ రాయడం ఆపి అమ్మ వంక చూశారు.

స్కానింగుకి పరగడుపున రమ్మన్నారు. "రోజూ ఉండేదేగా, దానికి చదువుకున్నోళ్లు చెప్పాలా?" అంది అమ్మ. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. అలా పస్తులుండడం కూడా ఒక కారణం కావచ్చట. నొప్పి ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి పిత్తాశయాన్నే తీసేయాలన్నారు. వదిలేస్తే చీము పట్టవచ్చు, కామెర్లూ రావచ్చు.

అమ్మ ససేమిరా అంది. "మీ నాన్న పోయాక ఇంటికి పెద్దోడు వాడు. వాడి మాట లేకుండా నా ఒంటి మీద కత్తి పడనివ్వను" అంది. నువ్వేమో వేటలో ఉన్నావు, ఫోన్ కలవదు. ఆఫీసు, ఆసుపత్రి, మళ్లీ వంట, తిరిగి తిరిగి నాకు ఓపిక అయిపోయింది. మొన్న మళ్లీ నొప్పి వచ్చింది. మోకాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగి, నాకు వినపడకూడదని నోట్లో చెంగు కుక్కుకుంది.

ఇంతసేపూ చుట్టూ తిరిగాను కానీ రాయాల్సింది ఇదీ. వీధిలోకి వెళ్లొచ్చి, నువ్వు ఫోన్ చేశావని చెప్పాను. "అన్నయ్య సరేనన్నాడమ్మా" అన్నాను. "వాడే అన్నాడా?" అని నా మొహంలోకి చూసింది. అన్నాడన్నాను. అప్పుడు ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఎల్లుండి ఆపరేషన్. నువ్విది చదివేసరికి అయిపోయి ఉంటుంది. ఫోన్లో అమ్మ మొదట అడిగేది నువ్వే సరేనన్నావా అనే. అన్నానని చెప్పు. తర్వాత నన్ను ఎంత తిట్టినా పడతాను. జరగరానిది జరిగితే మాత్రం నా కోసం అబద్ధమాడకు. నీకు తెలియకుండా చెల్లే చేయించిందని నలుగురికీ చెప్పు.

ఇట్లు,
నీ మాట నీకన్నా ముందే చెప్పేసిన చెల్లి,
ఉష