సీట్లో డెబ్భై ఎనిమిది కిలోలు

ప్రియమైన గడుగ్గాయికి,

వచ్చాయే! నువ్వు పంపిన కాంబర్ ప్లేట్లు, అదే, చక్రాల వంపు మార్చేవి, పొద్దున్నే వచ్చాయి. అట్టపెట్టె కోయడానికి చేతికేమీ దొరక్క మీ నాన్న కత్తెర లాక్కున్నాను. "గుడ్డలు కత్తిరించే కత్తెరే అది!" అని మీ దర్జీ నాన్నగారు ఒకటే లబోదిబో. నేను వింటానా?

పోయినేడు రేసులో ఆఖరి మలుపు దగ్గర నువ్వు స్టీరింగు ఎంత తిప్పినా, మన ఎర్ర కారు ముక్కు తిరక్క తిన్నగా గడ్డిలోకి పోయిందే, అది నేనింకా మరిచిపోలేదు. కంచె పట్టుకుని నిలబడ్డానన్న మాటేగానీ నా కాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. ముందు టైర్లకు బయటి అంచులు బోడిగుండ్లయ్యాయి, లోపలివి ఇంకా కొత్తవే. మలుపులో చక్రం బయటి అంచు మీదే నిలబడుతోందన్నమాట. చక్రం పైభాగాన్ని కాస్త లోపలికి వంచితే టైరంతా నేలను పట్టుకుంటుంది. కంపెనీ బోల్టులతో అంత వంపు రాదు, ఈ ప్లేట్లతో వస్తుంది. ఈసారి ఆ మలుపు తిరగలేదో, నా షెడ్డుకి తాళం వేసేస్తాను!

ఎన్ని డిగ్రీల వంపు కావాలో, కొలిచేటప్పుడు నీకు బదులు సీట్లో పెట్టాల్సిన ఇసుక బరువెంతో రాసి పంపు. ఫోను చెయ్యకు. ఇంజన్ల మోతకు నా చెవులు ఎప్పుడో పోయాయి.

ఆశీస్సులతో,
అమ్మ

ప్రియమైన అమ్మా, నా హెడ్ మెకానిక్కూ,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే నిలబడి చదివేశాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేకపోయింది.

రెండు పక్కలా రెండున్నర డిగ్రీలు. షాకబ్జర్ తలను ఇంజను వైపు జరిపేకొద్దీ చక్రం పైభాగం లోపలికి వంగుతుంది. కాంబర్ మారితే చక్రాలు పక్కచూపులు చూస్తాయి కాబట్టి, నాన్న దారపు ఉండ తీసుకుని దారం లాగి తిన్నగా ఉన్నాయో లేదో చూడు. నీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే, అయినా ఊరుకోలేను.

సీట్లో డెబ్భై ఎనిమిది కిలోలు పెట్టు. ఒక్క మాట కూడా అనకు.

ముద్దులతో,
నీ గడుగ్గాయి

ప్రియమైన బండరాయికి,

అంటాను! డెబ్భై ఎనిమిదా? పోయినేడు యాభై ఆరేగా? ఆ క్యాంటీన్లో ఏం పెడుతున్నారే, సిమెంటా? మీ నాన్నకు చదివి వినిపిస్తే మిషను ఆపి మరీ నవ్వారు. కూతురు లావైపోతే అంత నవ్వేమిటో! "రేసు సూటు పట్టదు కదండీ" అంటే "అది నేను చూసుకుంటాలే" అన్నారు.

ఇసుక మూటలు తూచడానికి తూకం యంత్రాన్ని అటక మీంచి దింపాల్సొచ్చింది. దాన్ని అక్కడ దాచింది నేనే, ఎందుకో నీకు తెలుసు.

ప్లేట్లు బిగించాను. వంపు కొలిచే గేజి పెడితే కుడి చక్రం ఎక్కువ, ఎడమది తక్కువ చూపించింది. ఎడమ దాన్ని ఇంకా వంచి రెండూ సమానం చేశాను. మూటలు దించి, షెడ్డు వెనక ఖాళీ జాగాలో డ్రమ్ముల చుట్టూ తిప్పి చూద్దును కదా, మొండి ఎద్దులా కుడికే లాగుతోంది! తల పగిలిపోతోందే. రేసు రెండు వారాల్లో, ఆదివారమేనాయె.

రోడ్డు మీద నడిపి చూడమంటారు మీ నాన్న. బాగుచేసినవాళ్లు బండిని గేటు దాటించకూడదని మీ తాతయ్య మాట. షెడ్డు నా చేతికొచ్చాక ఒక్కసారీ తప్పలేదు, ఇప్పుడు తప్పుతానా?

చిరాకుతో, అయినా ప్రేమతోనే,
అమ్మ

ప్రియమైన అమ్మా,

నవ్వాపుకోలేక చస్తున్నాను! షెడ్డు నేల ఎవరు వేయించారు? కార్లు కడిగిన నీళ్లు ఎడమపక్క మోరీలోకి పోవాలని మేస్త్రీ ప్రాణం తీసి మరీ వాలు పెట్టించిందెవరు? కారు ఎడమకు ఒరిగి నిలబడింది, గేజి ఆ ఒరుగును కూడా కలిపి చూపించింది. నువ్వేమో నేల తప్పుకు చక్రాన్ని శిక్షించావు!

ఎడమ చక్రాల కింద పాత టైల్స్ పెట్టు. నీళ్ల గొట్టంతో మట్టం చూసుకుని మళ్లీ కొలువు. కొలిచేటప్పుడు ఇసుక తగ్గించావో, ఊరుకోను.

తాతయ్య మాట జనాల కార్ల గురించి కదమ్మా? ఎర్ర కారు మనదే. అడిగానని కోప్పడకు.

నీ గడుగ్గాయి

ప్రియమైన గడుగ్గాయికి,

పట్టిందే! పట్టేసింది!

నా నేల, నా వాలు, నా బుర్రకు తట్టకపోవడమేమిటి, సిగ్గుచేటు! టైల్స్ పెట్టి, ఎడమ చక్రాన్ని మళ్లీ సరిచేశాక రెండు పక్కలా అచ్చంగా రెండున్నర. డ్రమ్ముల చుట్టూ తిప్పితే ముక్కు ఎటు తిప్పితే అటే. నేను పెట్టిన కేకలకు కాకులన్నీ లేచిపోయాయి. ఏమైందోనని మీ నాన్న మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చారు.

దిగబుద్ధి కాలేదే. నీ దగ్గర దాపరికమెందుకు, గేటు దాకా వచ్చాను. ఇంజను ఆపలేదు. అవతల రోడ్డు ఖాళీగా ఉంది. కాసేపు చూసి వెనక్కి తిప్పేశాను.

మళ్లీ మూటలెక్కించి ఇంకోసారి కొలిచి ఉంచాను. శనివారం వచ్చి కారు తీసుకెళ్లు. ఈసారి ఆ మలుపు నీదే.

సంబరంతో,
అమ్మ

ప్రియమైన అమ్మా,

కూర్చుని చదువు.

ఆదివారం కొత్తవాళ్ల పోటీ కూడా ఉంది. ఇంతవరకూ ఒక్క రేసూ నడపనివాళ్లకే అది. ఎర్ర కారుకి అందులో పేరిచ్చాను. నా పేరు కాదు.

నేనిప్పటికీ యాభై ఆరే. పోయిన నెల మోకాళ్ల డాక్టరు దగ్గర తూకమెక్కి కళ్లు మూసుకున్నావు గుర్తుందా? నేను తెరుచుకునే ఉన్నాను.

ముందే చెబితే వంద సాకులు చెప్పేదానివి, కారును కూడా నా బరువుకే కొలిచేదానివి. పోయినేడు నన్ను గడ్డిలోంచి లాగాక, దెబ్బ తగల్లేదని తెలియగానే నువ్వడిగిందేమిటి? "ఆ మలుపులో స్టీరింగు చేతికి ఎలా అనిపించిందే?" అని. అప్పుడు నీ కళ్లు చూశాను. నాకు చెప్పడం చేతకాలేదమ్మా. నువ్వే నడిపి తెలుసుకోవాలి. ఇది నా కోరిక.

వద్దంటే పేరు తీయించేస్తాను, ఏమీ అనుకోను. కానీ ఆ కారు ఇప్పుడు నీ కొలతకు కుట్టినట్టుంది.

భయంభయంగా,
నీ గడుగ్గాయి

దొంగముఖమా,

నీ ఉత్తరం విసిరికొట్టాను. మళ్లీ ఏరుకున్నాను. ఆ డాక్టరు యంత్రం పాడైందని, డెబ్భై ఎనిమిది నాది కానే కాదని మీ నాన్న మీద అరిచాను. ఆయన లోపలికెళ్లి నీ రేసు సూటు తెచ్చి బానెట్ మీద పరిచారు. పక్కలు విప్పి, బట్ట కలిపి, ఎప్పుడో కుట్టేశారు. టేపు నా ఒంటికి తగిలించకుండానే! తండ్రీకూతుళ్లు కూడబలుక్కుని నన్ను ఇసుక మూటను చేశారు కదే!

సరే, తేల్చేద్దామనుకున్నాను. మూటలు దించేశాను. నేనెక్కి కూర్చుని బెల్టు పెట్టుకుని, గేజి చూడమన్నాను. మీ నాన్న ఆ చక్రం చూశారు, ఈ చక్రం చూశారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. గేజిలో బుడగ ఇసుక మూటలప్పుడు ఉన్నచోటి నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదట.

ఇంక ఏ సాకు చెప్పను? భయంగా ఉందే. చిన్నపిల్లలా ఎగరాలనీ ఉంది.

శనివారం నువ్వు ఇంటికి రానక్కర్లేదు. ఆదివారం నేరుగా ట్రాక్ దగ్గరికి వచ్చెయ్యి. కారు నేనే తెస్తాను. కంచె గట్టిగా పట్టుకో, అక్కడ కాలు ఊరుకోదు, బ్రేకు తొక్కుతూనే ఉంటుంది.

నీ డెబ్భై ఎనిమిది కిలోల
అమ్మ