చనిపోయిన సరంగు ఒక్కడే నిందితుడట

శ్రీయుత జిల్లా కమిషనర్ గారి సముఖమునకు,
బగరిచాపరి రేవు పడవలో ఇంజన్ చూచుకొను నుమల్ పేగు వ్రాసుకొను అర్జీ.

విషయం: గత నెల బ్రహ్మపుత్రలో పడవ మునిగి పద్నాలుగు మంది మరణించిన కేసులో అసలు నిందితుల పేర్లు చేర్చుట, రెండవ పడవను ఆపుట గురించి.

అయ్యా,

1. సదరు పడవకు అరవై మందికి మాత్రమే అనుమతి కలదు. ఆ సంతరోజున నూట ఇరవై మందిని, పదకొండు మోటారు సైకిళ్లను ఎక్కించిరి. ఇంజన్ కింది పలక కుళ్లిన సంగతి యజమాని ఘనకాంత సైకియా గారికి నేను మూడుసార్లు తెలియపరచితిని. మూడవసారి కాగితం మీద వ్రాసి ఇచ్చితిని. ఆయన చదివి, "పడవన్నాక నీళ్లు రావా? తోడి పొయ్యి. చేతుల్లేవా నీకు?" అనిరి.

2. ఆ ఉదయం సరంగు తిలేశ్వర్ దొలే నా ఎదుటనే, "ఇవాళ వద్దు బాబూ. అడుగున మోకాలి లోతు నీళ్లున్నాయి, గాలి కూడా లేస్తోంది" అని యజమానికి చెప్పెను. "నువ్వు తీయకపోతే తీసేవాడు దొరకడా? దిగు మరి" అని జవాబు. ముగ్గురు పిల్లల తండ్రి, దిగలేదు. నది మధ్యలో పలక ఊడినది.

3. పోలీసువారు నిర్లక్ష్యం వలన మరణమని చిన్న సెక్షన్ వేసి, తిలేశ్వర్ ఒక్కనినే నిందితునిగా చూపిరి. అతని శవం మూడవ రోజున ఇసుకమేటలో దొరికినది. నేను ఠాణాలో అడుగగా ఎస్సై గారు, "చచ్చినోడికి శిక్షా లేదు, బెయిలూ అక్కర్లేదు. మధ్యలో నీకేం నొప్పి?" అని నవ్విరి. తెలిసి తెలిసి జనాన్ని పంపుట పొరపాటు ఎట్లగును? శిక్షార్హమైన నరహత్యగా నమోదు చేయించ ప్రార్థన.

4. రెండవ నిందితునిగా నా పేరు చేర్చవలెను. నాకూ తెలుసు కదా. బాతుల బుట్టతో వచ్చిన రేబతి, "కకాయ్, ఇది ఒడ్డు చేరుతుందా?" అని అడిగింది. "ఎక్కు చెల్లీ, రోజూ పోయేదేగా" అన్నాను. అన్నా అని పిలిచిన మనిషితో అబద్ధమాడాను. ఆమె బిడ్డను నేనే అందుకుని పైకెక్కించాను. డీజిల్ డబ్బా పట్టుకుని నేను బతికాను. బాతులు కూడా ఈదుకుంటూ వచ్చాయి అయ్యా. తల్లీబిడ్డలు రాలేదు.

5. అదే యజమాని రెండవ పడవ శుక్రవారం నుండి నడుచునని రేవులో బోర్డు పెట్టిరి. అడుగుకు తారు పూసిరి. ఆ తారు మీద వేలితో నొక్కి చూచితిని. వేలు లోపలికి పోయినది.

కావున తమరు శుక్రవారం లోపుననే ఈ విన్నపమును చిత్తమునకు తెచ్చుకొనవలెను.

తమ విధేయుడు,
నుమల్ పేగు

మరొక మాట: ఇది ముగించేసరికి యజమాని మనిషి వచ్చి, "శుక్రవారం కాదు, రేపే తీయాలి. సరంగువి నువ్వే" అని చెప్పి పోయాడు. నేను వెళ్లి ఆ పడవ చుక్కాని విప్పి తెచ్చి గుంజల మీద కట్టిన మా ఇంటి కింద పెట్టాను. దొంగతనం కేసు పెట్టడానికి యజమాని గారు ఈపాటికి ఠాణాకు వెళ్లే ఉంటారు. ఆ కేసుకైతే పోలీసులు వెంటనే వస్తారు. వాళ్లతో తమరూ రండి, పడవ అడుగు చూపిస్తాను. కొత్త చుక్కాని బిగించడానికి యజమాని మనుషులకు రెండు రోజులు చాలు.